రెండూ ఎడమ చేతులే

మా అక్క ఫోన్ మానేసింది. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, మా ఆయన అన్నగారి భార్య, నా తోడికోడలు. పదిహేడేళ్లుగా ఇద్దరం ఒకే దర్జీ కొట్టులో, ఒకే బల్లకు అటొకరూ ఇటొకరూ కూర్చుని బతుకుతున్నాం. సొంత అక్కతో కూడా ఇన్ని గంటలు గడిపి ఉండను.

ఫోన్ మానేసినవాళ్లు ఆ సంగతి కూడా ఫోన్‌లోనే నలుగురికీ చెప్పుకుంటారు. వెళ్లొస్తానని ఒకసారి, వెళ్తున్నానని ఇంకోసారి, వెళ్లి ఎంత హాయిగా ఉన్నానో చెప్పడానికి మరోసారి. అక్క ఎవరికీ చెప్పలేదు. ఒక మంగళవారం మధ్యాహ్నం భోజనం డబ్బా కడుక్కొచ్చి, తడి చేతులు తుడుచుకుని, ఫోన్‌లో ఉన్నవన్నీ ఒకటొకటిగా తీసేసింది. కుటుంబం గ్రూపులోంచి బయటికొచ్చింది. ఫోన్‌ని గుండీల డబ్బాలుండే సొరుగులో పడేసి, సొరుగుని మోకాలితో మూసింది.

"మోగితే తీస్తా. అంతకుమించి దానికీ నాకూ సంబంధం లేదు. కోటు ఇచ్చే రోజుదాకా అంతే" అంది.

ఆ కోటు గురించి చెప్పాలి. దాని గురించి చెప్పాలంటే నా గురించి కూడా చెప్పాలి, అదే నాకు మంట.

మా కొట్టు ఒకే గది. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, అడుగున మచ్చ పడిన నిలువుటద్దం, దాని పక్కన పరదా. కత్తిరింపు బల్ల ఒకప్పుడు తలుపు. మా మావయ్య దాన్ని పడుకోబెట్టి కాళ్లు కొట్టించాడు. గడియ ఉన్న చోట కన్నం అలాగే ఉంది, అందులో మేం గుండుసూదులు పోసుకుంటాం. మావయ్య పోయి తొమ్మిదేళ్లయినా ఆయన పెట్టిన నియమాలు రెండూ పోలేదు. మొదటిది, గీసినవాళ్లు కత్తిరించకూడదు. తను గీసిన గీత మీద ఎవరికైనా మమకారం ఉంటుంది, తప్పు కనపడదు, అందుకని ఒకరు సుద్దతో గీస్తే ఇంకొకరు సరిచూసుకుని కత్తిరించాలి. మా ఇద్దరిలో సాధారణంగా గీసేది నేను, కత్తెర అక్కది. తొందరైతే ఒక్కోసారి రెండూ అక్కే చేసేస్తుంది. రెండో నియమం, కత్తెర గుడ్డలో ఉండగా పలకరించకూడదు. ఇల్లంటుకున్నా సరే, కత్తెర బయటికొచ్చాకే చెప్పాలి.

కోటు గుడ్డ తెచ్చింది లైబ్రరీలో పనిచేసే ఆవిడ. ముదురు నీలం ఉన్ని గుడ్డ. వాళ్ల నాన్నగారు ఎప్పుడో ఇష్టపడి కొనుక్కుని, మంచి దర్జీ దొరకాలని దాచి దాచి, కుట్టించుకోకుండానే పోయారట. "నాకు కోటు కుట్టండి, చలికాలానికి. మీరైతేనే ఇస్తాను" అంది అక్కతో. గుడ్డ సరిగ్గా సరిపోతుంది, జానెడు కూడా మిగలదు. అలాంటి గుడ్డ ఇప్పుడు ఎక్కడా దొరకదు.

గుడ్డ పుష్కలంగా ఉంటే మడత వేసి ఒకేసారి కత్తిరిస్తాం, కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ వాటంతటవే వస్తాయి. గుడ్డ చాలనప్పుడు మడతకు చోటుండదు. కాగితం నమూనా పెట్టి ఒక చెయ్యి గీసి, ఆ కాగితాన్ని బోర్లా తిప్పి రెండో చెయ్యి గీయాలి. ఆ తిప్పడంలోనే ఉంది మొత్తం పని. తిప్పకపోతే రెండూ ఒకే పక్కవి వస్తాయి. ఈ ఉన్ని గుడ్డకి పైవైపు నునుపు, లోపలివైపు గరుకు, కాబట్టి తర్వాత తిరగేసి సర్దుకుందామన్నా కుదరదు.

ఆ గుడ్డ కోసిన రోజు అక్క ఫోన్ దారపుండల డబ్బాకి ఆనించి ఉంది. మురికి తివాచీలు కడిగే వీడియో నడుస్తోంది. ఎవరో ఏ ఊళ్లోనో తివాచీ కడుగుతుంటే మేమిక్కడ చెయ్యి ఆపుకుని చూస్తాం, అదేం సుఖమో. నేను కుడిచేత సుద్ద, ఎడమచేత ఫోన్ పట్టుకున్నాను. కుటుంబం గ్రూపులో మా ఆడపడుచు కొత్త సోఫా ఏ గోడకి వేయాలా అని పెద్ద చర్చ. నలభై ఏడు మెసేజీలు. నాకు ఆ సోఫా మీద ఖచ్చితమైన అభిప్రాయం ఉంది. దాన్ని టైపు చేస్తూ ఒక చెయ్యి గీశాను, కాగితం పక్కకు జరిపాను, రెండోది గీశాను. తిప్పలేదు. తర్వాత అక్క ఒక కన్ను తివాచీ మీద పెట్టి ఆ గీతల వెంట కత్తెర నడిపించింది. ఆ అరగంటా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. మావయ్య నియమం అక్షరాలా పాటించాం.

ఆ మంగళవారం పొద్దున, చేతులు అతకడానికి ముందు కచ్చా కుట్టు వేస్తుంటే బయటపడింది. రెండూ ఎడమ చేతులే.

అక్క రెండు ముక్కలనూ బల్ల మీద పక్కపక్కన పరిచి చాలాసేపు చూసింది. ఎప్పుడైనా చిన్న గుండీ పోతేనే కొట్టు ఎగిరిపోయేలా అరిచే మనిషి, అరవలేదు. నోరు తెరిచాను, ఇంతలో ఆవిడే అంది.

"నేనే గీసుంటాను."

"అక్కా..."

"నువ్వు గీసుంటే కాగితం తిప్పేదానివే. నువ్వెప్పుడూ మర్చిపోవు. నేనే గీశాను, నేనే కోశాను. గుర్తు చేసుకుందామంటే ఏమీ లేదే పిన్నీసూ."

నా నోట్లో ఎప్పుడూ సూదులుంటాయని అక్క నన్ను పిలిచే పేరది.

"తివాచీ గుర్తుంది. ఎర్రది, అంచున పక్షులు. గీత గుర్తులేదు. ఒక్క ముక్క గుర్తులేదు. మా అమ్మకి ఇలాగే మొదలైంది."

వాళ్లమ్మ చివరి రోజుల్లో కన్నకూతురి చేతి ముద్ద తింటూ "ఎవరమ్మా నువ్వు, చల్లగా ఉండు" అనేదట. అక్కకిప్పుడు యాభై రెండు. ఎప్పటినుంచో ఆ భయం ఉందని నాకు తెలుసు. అన్నీ తెలిసి నేను నోరు మూసుకున్నాను. తేలు కుట్టిన దొంగలా బల్ల కింద పడ్డ సుద్దముక్క వెతుకుతూ కూర్చున్నాను.

"పన్నెండు రోజులుంది కోటు ఇవ్వడానికి. అప్పటిదాకా ఫోన్ ముట్టను. బుర్ర దారిలో పడిందా, సరే. లేదూ, ఇదే నా చివరి కోటు. కత్తెర దించేస్తా. ఇంకొకరి గుడ్డ పాడు చేసే హక్కు నాకు లేదు" అంది అక్క.

ఇదీ జరిగింది. ఆ మధ్యాహ్నమే చెప్పేసి ఉంటే రెండు తిట్లతో పోయేది. సాయంత్రం చెబుదామనుకున్నాను, పొద్దున చెబుదామనుకున్నాను. ఒక పూట దాటాక ఆ మాట బరువు రెట్టింపయింది. మర్నాటికి చెప్పాల్సింది ఒక తప్పు కాదు, రెండు: గీత తప్పు, దాచిన తప్పు.

చెప్పే తీరిక కూడా నాకు లోకం ఇచ్చిందా? లేదు. గురువారం నుంచి జనం రావడం మొదలుపెట్టారు.

ఒక మనిషి గ్రూపులోంచి బయటికెళ్లిపోతే ఇంట్లో ఎవరూ 'పనుందేమో' అనుకోరు. 'అలిగింది' అనుకుంటారు. ఎవరి మీద అలిగిందన్నదే ప్రశ్న. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఒక్కొక్కరే వచ్చి తమ భుజాలు తడుముకోవడం మొదలుపెట్టారు.

మొదట మా ఆడపడుచు. ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వచ్చి, పరదా పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"వదినా, ఆ ఫొటో విషయంలో నీకు కోపమొచ్చిందని నాకు తెలుసు. కావాలని చెయ్యలేదు. నువ్వు చివర్లో నిలబడ్డావు. నిన్ను తీసేస్తే గానీ ఫ్రేమ్ సరిపోలేదు."

"ఏ ఫొటో?" అంది అక్క.

ఫోన్‌లో తన ప్రొఫైల్ ఫొటోగా పెట్టుకున్న కుటుంబం ఫొటోలోంచి అక్కని కత్తిరించేసిందట, నాలుగు నెలల క్రితం. అక్క ఇంతవరకూ చూడనే లేదు. ఇప్పుడు చూడ్డానికి ఫోన్ సొరుగులో ఉంది, తీయకూడదు. "సరిగ్గా ఎక్కడికి కోశావు?" అని అడిగింది. "భుజం దాకా" అంది ఆడపడుచు. ఆవిడ వెళ్లాక అక్క అద్దంలో తన భుజం ఒకసారి చూసుకుని మిషను మీద కూర్చుంది. ఆ పూట కుట్టిన రెండు జేబులూ విప్పాల్సొచ్చింది.

మర్నాడు మా అత్తయ్య. మోకాళ్ల నొప్పులని పక్కింటికి కూడా వెళ్లని మనిషి, ఆటో చేయించుకుని వచ్చింది.

"పెద్దమ్మాయ్, నువ్వు కుట్టిచ్చిన దిండు గలీబులు ఎలకలు కొట్టేశాయని చెప్పా కదా. కొట్టలేదు. నీ ఆడపడుచు అడిగితే ఇచ్చేశా. అది సోఫా మీద వేసి ఫొటో పెట్టింది. నువ్వు చూశావు. అందుకే కదూ వెళ్లిపోయావు?"

"నేను చూళ్లేదత్తయ్యా."

"చూడలేదా?" అత్తయ్య మొహం చూడాలి. అనవసరంగా దొరికిపోయినందుకు ఆవిడకి అక్క మీదే కోపం వచ్చింది. "మరి చూడనిదానివి ఎందుకెళ్లావు? నేను పొద్దున్నే పంపే పువ్వుల బొమ్మ నీకు చేదైందా?"

శనివారం మా ఆయన వచ్చాడు. ఇంట్లో నన్నడిగితే నేను చెప్పేదాన్ని, కానీ మొగుడికి పెళ్లాం మాట మీద ఏనాడు నమ్మకం? నేరుగా కొట్టుకే వచ్చి తలుపు దగ్గర నిలబడి చెప్పులు చూసుకుంటూ, "వదినా, ఆ రెండో గ్రూపు నా ఆలోచనే. ఇంకెవర్నీ అనకు" అన్నాడు.

అక్కకి తెలియని ఇంకో గ్రూపు ఉంది. అక్క లేని గ్రూపు. అక్క ప్రతిదానికీ "ఇది నిజమేనా, ఎవరు చెప్పారు" అని అడుగుతుందని, సరదా మాటలకి వేరే ఒకటి పెట్టుకున్నారు. ఏడాది పైన అయింది.

అక్క నా వైపు తిరిగింది. "నువ్వూ ఉన్నావా అందులో?"

"ఉన్నా. ఏం మాట్లాడను."

"సోఫా గురించి?"

"అది... అసలు గ్రూపులోనే మాట్లాడా."

నా మొగుడు వెళ్లాక అక్క ఇస్త్రీపెట్టె స్విచ్చు వేసి, అది వేడెక్కేదాకా దాని ముందే నిలబడింది. "ఫోన్ చూసేటప్పుడు వీళ్లందరూ నాకు ఎంత దగ్గరో అనుకునేదాన్నే" అంది. అంతే అంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆవిడ తన బుర్ర కాపాడుకోవడానికి కాస్త చోటు అడిగింది. ఆ చోట్లోకి వీళ్లంతా తమ చెత్త తెచ్చి పోస్తున్నారు. పోసి, మనసు తేలికపడి వెళ్తున్నారు. కనీసం వాళ్లు చెప్పి వెళ్తున్నారు, నేను అదీ చెయ్యడం లేదు. వాళ్ల మీద అరవాలన్నా నాకు మొహం ఎక్కడుంది?

మా బావగారి గొడవ లేదు. పెళ్లాం గ్రూపులోంచి వెళ్లిన సంగతి ఆయనకి ఆరో రోజున గానీ తెలియలేదు, అదీ అత్తయ్య ఫోన్ చేసి చెబితే.

వీళ్లు చాలరన్నట్టు బయటి ప్రపంచం. దారాల దుకాణం వాడు కొత్త రంగులేమున్నాయంటే "ఫోన్‌లో పంపా చూడండి" అంటాడు. అతని వెనకే బీరువాలో ఉన్న ఉండలు తీసి చూపించడానికి చేతులు రావు. బిల్డింగులో నీళ్లు రావని గ్రూపులో పెట్టారట. అక్కకి తెలియక, సబ్బు రాసుకున్న తలతో అరగంట కూర్చుంది. ఒకావిడ గౌను నమూనా ఫోన్‌కి పంపి, అక్క చూడలేదంటే, "అయ్యో, ఏమైనా ఒంట్లో బాలేదా?" అని పరామర్శించింది. ఫోన్ చూడకపోతే మనిషి జబ్బుతో ఉన్నట్టే లెక్క.

అసలు బాధ ఇవేవీ కావు. పొద్దున్నే కొట్టు తీయగానే అక్క చేసే పని ఒకటుంది, అది నా ప్రాణం తీసేది.

కొలతల పుస్తకం నా చేతికిచ్చి, గోడవైపు తిరిగి నిలబడేది. "అడుగు" అనేది. నేను ఖాతాదారుల్లో ఒకరి పేరు చెబితే, ఆవిడ వాళ్ల ఛాతీ, నడుము, భుజం, చెయ్యి పొడవు బడిపిల్లలా అప్పజెప్పేది. పదిలో ఎనిమిది సరిగ్గానే చెప్పేది. నాకు పదిలో రెండు కూడా రావు. ఎవరికి వస్తాయి? పుస్తకం ఉన్నదే అందుకు కదా! కానీ అక్క ఆ తప్పిన రెండే పట్టుకునేది.

"కిళ్లీకొట్టాయన భుజం పదిహేడున్నరా? నేను పదిహేడన్నానా?"

"అరంగుళమే కదక్కా."

"అరంగుళం తప్పితే చొక్కా వీపు మీద ముడత పడుతుంది. ఇంతకుముందు తప్పేదాన్నా నేను?"

ఒకరోజు టేపు కనపడక కొట్టంతా వెతికింది. టేపు మెడలోనే ఉంది. ఇది జరగని దర్జీ భూమ్మీద లేడు. మావయ్య రోజుకి రెండుసార్లు వెతికేవాడు. కానీ అక్క మెడలోంచి టేపు తీసి, దాన్ని వేలికి చుట్టుకుంటూ, "చూశావా" అంది చిన్నగా. ఆ గొంతు వినలేక నేను సోడా తెస్తానని బయటికి పోయాను. చెప్పెయ్యాలి అని తిట్టుకుంటూ వెళ్లి, సోడా పట్టుకుని తిరిగొచ్చాను.

కోటు పని మాత్రం అక్క చేసిన తీరు చూడాలి. మతిపోయే మనిషి చేసే పని కాదది. కాలరు అడుగున, లోపలి పట్టీల్లో పడాల్సిన నీలం గుడ్డని ఆదా చేసి, అక్కడ వేరే గుడ్డ వేసింది. పాడైన ఎడమ చేతిని నిలువునా రెండుగా కోసి, ఈ మిగిలిన ముక్కలతో కలిపి, కుడి చెయ్యి తయారు చేసింది. అతుకు మోచేతి వెనక నుంచి మణికట్టు దాకా దిగింది. తర్వాత, బాగున్న ఎడమ చేతిని కూడా అదే చోట కోసి, అదే అతుకు వేసింది.

"బాగున్నదాన్నెందుకు కోయడం?" అన్నాను.

"ఒక పక్కే అతుకుంటే తప్పులా కనపడుతుంది. రెండు పక్కలా ఉంటే పద్ధతిలా కనపడుతుంది."

"అయితే ఆవిడకి చెప్పక్కర్లేదు కదా!" నా గొంతులో ఆశ నాకే వినిపించింది.

అక్క దారం కొరికి తల పైకెత్తింది. "చెప్పకుండా ఎలా ఇస్తాం? వాళ్ల నాన్న గుడ్డ అది."

పన్నెండో రోజు పదకొండు గంటలకి లైబ్రరీ ఆవిడ వచ్చింది. కోటు కొయ్యకి వేలాడుతోంది. నేను మిషను దగ్గర కాజాలు కుడుతున్నట్టు కూర్చున్నాను, దారం లేని సూదితో.

అక్క చేతులు కట్టుకుని నిలబడి మొదలుపెట్టింది. "మీకొక మాట చెప్పాలండీ. మీ గుడ్డ దగ్గర తప్పు జరిగింది. రెండు చేతులూ ఒకే పక్కకి కోసేశాను."

లైబ్రరీ ఆవిడ ఫోన్ అప్పుడే కుయ్యిమంది. ఆవిడ దాన్ని చూస్తూ, "పర్లేదండీ" అంది.

"అతుకేసి సరిచేశాను. కానీ మీరిచ్చింది అలాంటిలాంటి గుడ్డ కాదు..."

"పర్లేదు, పర్లేదండీ." బొటనవేలు పైకి కిందకి నడుస్తోంది. ఏదో చూసి నవ్వింది కూడా.

పన్నెండు రోజులుగా ఆ ఒక్క మాట చెప్పడానికి అక్క ఎంత సిద్ధపడిందో నాకు తెలుసు. రాత్రిళ్లు నిద్రపోలేదని బావగారే అన్నారు. ఆ మాటకి దొరికిన విలువ ఇదీ. నాకు ఆ ఫోన్ లాక్కుని గుండుసూదుల కన్నంలో కుక్కాలనిపించింది. కానీ నా చెయ్యి నాకు గుర్తొచ్చింది, ఎడమ చెయ్యి, సోఫా.

"నేనేం చెప్పానో ఒకసారి చెప్పండి" అంది అక్క.

ఆవిడ ఉలిక్కిపడింది. "ఏంటండీ?"

"మీరది లోపల పెట్టేదాకా ఆగుతాను. తొందరేం లేదు."

ఆవిడ మొహం ఎర్రబడింది. ఫోన్ సంచిలో వేసింది. అక్క మళ్లీ మొదటినుంచి చెప్పింది. కోటు దించి అతుకులు చూపించింది. ఆవిడ వేళ్లతో అతుకు తడుముతూ విన్నది. అక్క చివరికి ఇలా అంది.

"గీసింది నేనే, కోసింది నేనే. ఎలా జరిగిందంటే చెప్పలేను, నాకు గుర్తులేదు. అదే చెబుతున్నా. అందుకే ఇక కత్తెర పట్టదలచుకోలేదు. మీదే ఆఖరుది. మీకు..."

"గీసింది నేను!"

ఆ అరుపు నాదేనని తెలియడానికి నాకే కాస్త టైం పట్టింది. లేచి నిలబడ్డాను. ముక్కాలిపీట వెనక్కి పడింది.

"నేను గీశా. ఫోన్ చూస్తూ గీశా. కాగితం తిప్పలేదు. అక్క ఆ పూట సుద్ద ముట్టుకోనే లేదండీ."

అక్క నా వైపు చూసింది. "నువ్వా?"

"నేనే."

"ఖాయమా?"

"ఖాయం. సోఫా గురించి టైపు చేస్తున్నా."

అక్క బల్ల అంచు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. "అయితే నేను మర్చిపోలేదు" అంది. నాతో కాదు, లైబ్రరీ ఆవిడతోనూ కాదు. "అసలు గీయనే లేదు. గీయనిది ఎలా గుర్తుంటుంది?" నవ్వొచ్చింది ఆవిడకి. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది.

"పన్నెండు రోజులు."

నేను పడిపోయిన పీట ఎత్తి నిలబెట్టాను.

"రోజూ పొద్దున గోడకి తిరిగి కొలతలు అప్పజెబుతుంటే విన్నావు."

"విన్నా."

"పుస్తకం పట్టుకుని నువ్వే తప్పొప్పులు చెప్పావు."

"చెప్పా."

అక్క బల్ల మీది కొలతల పుస్తకం తీసి తన ఒళ్లో పెట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

లైబ్రరీ ఆవిడ మా ఇద్దరి మధ్య ఇరుక్కుపోయి, ఏం చేయాలో తోచక కోటు తొడుక్కుంది. అద్దంలో ఇటూ అటూ తిరిగి చూసుకుంది. "బాధగానే ఉందండీ, లేదని చెప్పను. కానీ నాన్న మంచి దర్జీ కోసం పెట్టెలో దాచి దాచి తొడుక్కోకుండానే పోయారు. నేను తొడుక్కున్నాను" అంది. దాన్ని విప్పకుండా అలాగే వేసుకుని, ఎండలోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం దాకా అక్క నాతో మాట్లాడలేదు. మిషను చప్పుడు, ఇస్త్రీపెట్టె చప్పుడు, బయట బస్సుల చప్పుడు. నేను పన్నెండు రోజులు దాచిన దానికి ఒక్క పూట మౌనం తక్కువే, కానీ తక్కువ శిక్ష భరించడం మరీ కష్టం. కొట్టు మూసే వేళకి అక్క చెయ్యి చాపింది.

"నీ ఫోన్ ఇలా తే."

ఇచ్చాను. అన్నీ తీసేసింది, గ్రూపులు రెండూ. అక్క లేని గ్రూపు వచ్చినప్పుడు వేలు ఒక్క క్షణం ఆగింది, తర్వాత దాన్నీ తీసేసింది. గుండీల సొరుగులో తన ఫోన్ పక్కన పడేసి మోకాలితో మూసింది. తర్వాత గోడకి వేలాడే కత్తెర తీసింది. మావయ్య కత్తెర అది. పదిహేడేళ్లలో నన్ను ముట్టుకోనివ్వలేదు, నూనె వేయడానికి కూడా.

"రేపట్నుంచి నేను గీస్తా, నువ్వు కొయ్యి" అంది.

"అక్కా, నా మీద నీకింకా..."

"నమ్మకమా? లేదు. నువ్వు కూడా నమ్మకు. నా గీతని ప్రతిసారీ తప్పనుకునే చూడు. అప్పుడే కొయ్యి."

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకే మా ఆయన రొప్పుతూ వచ్చాడు. వెనకాల ఆటోలోంచి అత్తయ్య దిగుతోంది.

"ఏమైందే? నువ్వూ వెళ్లిపోయావేంటి గ్రూపులోంచి? అమ్మ కంగారు పడిపోతోంది. ఎవరి మీద అలిగావు? ఆ మొన్నటి విషయమైతే నేను చెబుతా విను, అసలు జరిగిందేంటంటే..."

అక్క సుద్ద చేత్తో పట్టుకుని అద్దంలోంచి నన్నే చూస్తోంది. గుడ్డ చవకబారు చొక్కా గుడ్డ, గీత సరిగ్గానే ఉంది. మూడుసార్లు చూశాను. కత్తెర తెరిచి గీత మీద పెట్టాను.

"ఆగు. కత్తెర గుడ్డలో ఉంది" అన్నాను.

మా ఆయన నోరు మూసుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.